శిలువ గుర్తున్న మాటలు

నాకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. 'రె'తో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు రావంటే మాత్రం ఒప్పుకోను. ఆ మాటలకు ఇప్పుడున్న అర్థాలే కాదు, మూడు నాలుగు వందల ఏళ్ల కింద ఏ అర్థాలుండేవో కూడా చెప్పగలను. మిగతా అక్షరాల దగ్గరికి వస్తే మళ్ళీ మామూలే. మందుల డబ్బా మీద ఏం రాసుందో చదవడానికి కూడా మా పిల్లల్ని పిలవాల్సిందే.

దీనికంతటికీ కారణం మా బాపు. మాది తొండుపల్లి. బాపు రాజేంద్రనగర్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు కుట్లు వేసి అట్టలు కట్టేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే చేతులకు మైదా జిగురు వాసన వచ్చేది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆ లైబ్రరీ వాళ్లు చెదలు పట్టిన పాత ఇంగ్లీషు నిఘంటువును తీసేశారు. అది ఒక్క పుస్తకం కాదు, బీరువా అర పొడుగునా నిలబడే సంపుటాలు. అన్నీ తూకానికి పోయాయి. 'ఆర్' అక్షరం సంపుటంలో మాత్రం ముందూ వెనకా చెద తినేయగా నడుమ కొంత బాగుంది. బాపు అడిగి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. చెడిన పేజీలు తీసేసి, మిగిలినవాటిని కొత్తగా కుట్టి, నీలం గుడ్డ అట్ట వేశాడు. అట్లా మా ఇంట్లోకి వచ్చినవి 'రె' మాటలు, అవి మాత్రమే.

బాపుకు ఇంగ్లీషు చదవడం రాదు. పుస్తకాల వీపు మీద అక్షరాలు కూడబలుక్కునేంత మాత్రం వచ్చు. కానీ ఆయన కన్ను పేజీలో ఒక చోట ఆగింది. కొన్ని అర్థాల ముందు చిన్న శిలువలాంటి గుర్తు ఉంది.

"సూసినవా బిడ్డా? శిలువ," అన్నాడు. "ఇవి మన మాటలు. దేవుని మాటలు. ముందుగాల ఇవి నేర్సుకో."

మేము చర్చికి పోయే కుటుంబం. బాపు మాట నేను నమ్మాను. శిలువ గుర్తున్న అర్థాలన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకుని, నెల రోజులపాటు ప్రార్థనలో కలిపి అప్పజెప్పాను. దేవుడికి ఏం అర్థమైందో ఆయనకే తెలియాలి. చివరికి మా ఇంగ్లీషు టీచరు ఆ నోటుబుక్కు చూసి పడీ పడీ నవ్వింది. అది శిలువ కాదట. ఆ అర్థం చచ్చిపోయింది, ఇప్పుడెవరూ వాడరు అని చెప్పే గుర్తట. నేను ఇంటికొచ్చి మొహం మాడ్చుకుని బాపుకు చెప్పాను. ఆయన ఆ పేజీ మళ్ళీ తెరిచి చూశాడు.

"సచ్చినోళ్ల మీదనే గద బిడ్డా శిలువ పెడ్తం. గట్ల సూసినా మనయే."

టీచరును అడిగి అడిగి అర్థాలు తెలుగులో రాసుకున్నాను. నేను చచ్చిపోయిన అర్థాలనే నేర్చుకుంటూ పెరిగాను. ఈ 'రె' అనేది, పలికేటప్పుడు ఎక్కువగా 'రి' అవుతుంది, మాటకు ముందు తగిలించే ముక్క. 'మళ్ళీ' అనో, 'వెనక్కి' అనో దాని అర్థం. 'రిహార్స్' అంటే మొదట నాటకాలు కావు, గొర్రు తోలిన చెలకలో మళ్ళీ గొర్రు తోలడం. 'రికార్డ్' అంటే కాగితం కాదు, మళ్ళీ గుండెకు తెచ్చుకోవడం. మేము యాది చేసుకోవడం అంటామే, అది. 'రిలక్టెంట్' అంటే ఇప్పుడు ఇష్టం లేకుండా చేసేవాడు, ఒకప్పుడు ఎదురు తిరిగి పెనుగులాడేవాడు. ఇష్టం లేనివాడు పెనుగులాట మానేసి ఊరికే మూతి ముడుచుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాడో ఆ పుస్తకంలో లేదు. నా విషయంలో అయితే ఎప్పుడో చెప్పగలను. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక సరుకుల గోదాములో సెక్యూరిటీ ఉద్యోగంలో చేరిన రోజున.

అప్పటికి బాపు పోయాడు. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, డిగ్రీ నడుమలో ఆగిపోయింది. గోదాములో ప్యాకింగ్ పని చేసే ఆడవాళ్లు బయటికి పోయేటప్పుడు ఒళ్లు తడిమి చూడడం నా పని. దానికొక క్యాబిన్. మూడు వైపులా రేకు, నాలుగో వైపు పచ్చ పరదా. నేనూ, చెక్ చేయించుకునే మనిషీ నిలబడితే మూడో మనిషికి చోటుండదు. మొదట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. కూర్చుంటే నిద్ర వస్తుందని సూపర్‌వైజర్ దాన్ని తీయించాడు. ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేసి రావాలి. పొద్దున ఆరింటికి లోపలికి వెళ్తే మధ్యాహ్నం రెండింటికి బయటికి.

తల మీద నుంచి విమానాలు దిగుతుంటే రేకు వణికేది. ఎక్కడెక్కడి జనమో వచ్చి మా ఊరి పక్కన దిగిపోతున్నారు. నేను మాత్రం పది అడుగుల అవతల ఉన్న బాత్రూముకు పోవాలన్నా ఇంకో ఆడమనిషి వచ్చి నా చోట నిలబడాలి. ఎందుకంటే ఆడవాళ్లను ఆడమనిషే చూడాలి. నేను లేకపోతే లోపలున్న ఆడవాళ్లలో ఒక్కరూ గేటు దాటలేరు. వాళ్లను నేను ఆపుతున్నట్టు పైకి కనిపించేది గానీ నన్ను ఆపింది వాళ్లే. నీళ్లు తాగడం తగ్గించాను. ఎండాకాలం రేకు కాలి, చెమటకు యూనిఫారం వీపుకు అంటుకుపోయినప్పుడు పరదా చింపేసి అరవాలనిపించేది. అరవలేదు. మూతి ముడుచుకుని నిలబడ్డాను.

ఆ రోజుల్లోనే బాపు పుస్తకం మళ్ళీ తీశాను. అంత లావు పుస్తకం గేటు దాటించలేను. అందుకని ఒక ఆదివారం బ్లేడు తీసుకుని బాపు వేసిన కుట్టు కోశాను. ఆయన ఉంటే నా చెయ్యి పట్టుకుని ఆపేవాడే. పుస్తకం పదహారేసి పేజీల మడతలుగా విడిపోయింది. వారానికి ఒక మడత చొక్కా లోపల పెట్టుకుని పోయేదాన్ని. ఎవరూ రానప్పుడు చదవడం, పరదా కదిలితే రేకు వెనక సందులో దోపడం. అందరినీ చెక్ చేసేదాన్ని కదా, నన్ను చెక్ చేసేవాళ్లు లేరు.

'రిలీవ్' అనే మాటను అక్కడే సరిగ్గా చదివాను. మా ఉద్యోగంలో పొద్దస్తమానం వినపడే మాట అది. రిలీవర్ రాకుండా పోస్టు వదలొద్దు అన్నది మొదటి నియమం. పాత పుస్తకంలో దాని అర్థం, బరువు కింద ఉన్నదాన్ని మళ్ళీ పైకి లేపడం, తేలిక చేయడం. చిన్నప్పుడు కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లను చూశాను. మోపు ఎంత బరువైనా మోస్తారు గానీ ఒక్కరే దించుకోలేరు, ఎవరో ఒకరు చెయ్యి వేయాలి. ఆ మాట నాకు అట్లా అర్థమైంది. దాని దగ్గర్లోనే 'రిలే' ఉంది. వేటలో పరుగెత్తి అలసిపోయిన కుక్కల బదులుగా దారి పొడుగునా నిలబెట్టి ఉంచే కొత్త కుక్కలకు ఆ పేరట. చదివి నవ్వుకున్నాను, ఆ తర్వాత కోపమొచ్చింది.

ఆ లెక్కన నా తర్వాతి కుక్క మామిడిపల్లి నుంచి వచ్చే ఒక అక్క. నాకన్నా పదేళ్లు పెద్దది. రూపాయి బిళ్లంత బొట్టు, మోకాళ్ల నొప్పులు. ఇంట్లో మంచం పట్టిన అత్తకు ఒంటిగంటకు అన్నం తినిపించి, ఒళ్లు తుడిచి, అప్పుడు బయలుదేరేది. ఈ కుక్కల సంగతి చెబితే పరదా పట్టుకుని నవ్వింది.

"గట్లయితే నేను ముసలి కుక్కను చెల్లె. నాతోని ఏడ వేట అయితది!"

వేట సంగతేమో గానీ ఆమెతో టైముకు రావడం మాత్రం కాలేదు. రెండింటికి రావాల్సిన మనిషి రెండున్నరకు వచ్చేది. ఒక్కో రోజు మూడు. నేను ఎనిమిది గంటలు నిలబడి, కాళ్లు దిమ్మెక్కి, పరదా సందులోంచి దారి చూస్తూ ఉడికిపోయేదాన్ని. ఆమె రొప్పుతూ వచ్చేసరికి ఒకటే ప్రశ్న వేసేదాన్ని.

"ఇప్పుడొచ్చినవా?"

"బస్సు దొరకలే చెల్లె."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒక్కోసారి కోపం పట్టలేక, నీ ఒక్కదానికే ఎట్ల దొరకదు అక్కా బస్సు, అని కూడా అనేదాన్ని. ఆమె డబ్బా తీసి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు నా చేతిలో పెట్టేది. అబద్ధం ఎందుకు, క్రిస్మస్ ముందు రోజుల్లో మాత్రం అత్తను పక్కింటివాళ్లకు అప్పగించి పన్నెండింటికే వచ్చి నన్ను ఇంటికి పంపేది. మా పండగ తేదీ మా ఆయనకన్నా ఆమెకే ముందు గుర్తుండేది.

మా పోస్టుకొక రిజిస్టర్ ఉండేది. దిగేవాళ్లు ఛార్జ్ ఇచ్చినట్టు, ఎక్కేవాళ్లు తీసుకున్నట్టు సంతకాలు చేయాలి. రెండూ పదికి సూపర్‌వైజర్ మనిషిని పంపి ఆ పేజీ ఫోటో తెప్పించుకునేవాడు. అప్పటికి సంతకం లేకపోతే సగం రోజు గైర్హాజరు. ఆలస్యం కొన్నిసార్లు అయితే ఇక రావద్దంటారు. అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. సరిగ్గా రెండింటికి ఆమె సంతకం కూడా నేనే పెట్టేస్తాను. ఆమె వచ్చేదాకా పోస్టులో నేనే నిలబడతాను. ఆమె తెలుగులో రెండక్షరాలు రాసి, చివర పొడుగ్గా ఒక తోక తిప్పేది. ఆ తోక పది రోజుల్లో నా చేతికి వచ్చింది. చూస్తే ఆమెకే తేడా తెలియదు.

అట్లా ఉండగా బాపుతో పనిచేసిన ఒకాయన కబురు పంపాడు. అదే లైబ్రరీలో, అదే అట్టలు కట్టే బల్ల దగ్గర ఒక కాంట్రాక్టు ఉద్యోగం ఖాళీ ఉందని. నాకు కుట్టడం వచ్చు, చిన్నప్పటి నుంచి బాపు పక్కన కూర్చుని దారం ఎక్కించినదాన్నే. దరఖాస్తు పెట్టాను, పిలిచారు. అసలు సర్టిఫికెట్లు పట్టుకుని ఫలానా రోజు మధ్యాహ్నం మూడింటిలోపు స్వయంగా వచ్చి చూపించాలి. మూడు దాటితే జాబితాలో తర్వాతి పేరు పిలుస్తారు. వయసు హద్దు నాకు ఆ ఏడాదితో సరి. అంటే ఆ రోజు మూడింటికి నేను రాజేంద్రనగర్‌లో లేకపోతే ఇక ఆ రేకు డబ్బాలోనే ముసలిదాన్నవుతాను. సెలవు అడిగాను. ఆడ గార్డులు లేరని సూపర్‌వైజర్ ఇవ్వలేదు.

ముందు రోజు అక్క రెండు చేతులూ పట్టుకున్నాను.

"అక్కా, రేపొక్క దినం. రెండుకు ఒక్క నిమిషం దాటొద్దు."

"వస్త చెల్లె. ఒట్టు. నీ బాపు కుర్సీల నువ్వు కూసుంటవా మరి!"

మర్నాడు సర్టిఫికెట్ల కవరు చొక్కా లోపల, ఆ వారపు మడత పక్కనే పెట్టుకుని పోయాను. ఒకటిన్నర నుంచే పరదా పట్టుకుని నిలబడ్డాను. దారిలో మనుషులు వస్తున్నారు, పోతున్నారు, ఆమె లేదు. పావు తక్కువ రెండు అయింది. కుదురు లేక మడత తీసి చదవబోయాను, అక్షరాలు ఎక్కలేదు, సందులో దోపేశాను. రెండయింది. రిజిస్టర్‌లో నా సంతకం పెట్టాను. రోజూ చేసినట్టే ఆమె సంతకం కూడా పెట్టి, తోక తిప్పాను. ఫోటోకు మనిషి వచ్చి తీసుకుపోయాడు. ఆమె రాలేదు. ఫోన్ గేటు దగ్గర. ప్యాకింగ్ ఆడవాళ్లకు రెండున్నరకు షిఫ్టు దిగుతుంది, అప్పటిదాకా చెక్ చేయడానికి ఎవరూ రారు. ఈ లోపల అక్క వస్తుంది, రోజూ వస్తూనే ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ఒట్టు తప్పింది, నేనెందుకు చావాలి అని కూడా అనుకున్నాను. రెండూ నిజమే అనిపించాయి.

పరదా తీసి బయటికి నడిచాను. గేటు దగ్గర మగవాళ్ల ఛార్జ్ కూడా అప్పుడే మారుతోంది, పోయేవాళ్ల హడావిడి పోయేవాళ్లది. ఒకాయన నా ఫోన్ ఇస్తూ అడిగాడు.

"అక్క వచ్చిందా?"

"లోపల ఉంది," అన్నాను.

ఆటోలో కూర్చున్నాక వెనక్కి చూడలేదు. గాలి మొహానికి కొడుతుంటే ఒళ్లంతా తేలికైంది. ఆ తేలికను ఇప్పటికీ తప్పు అనలేను, ఎందుకంటే అంత సంతోషం నాకు అంతకుముందు లేదు. మూడు కావడానికి పది నిమిషాలుందనగా కవరు బల్ల మీద పెట్టాను. ఉద్యోగం నాదన్నారు. ఒక్కటే అడిగారు, పాత ఉద్యోగం నుంచి రిలీవింగ్ లెటర్ వారంలో తెచ్చి ఇవ్వాలని. పాత చోట ఏ మచ్చా లేదని ఆ కాగితం చెప్పాలి. అది లేకపోతే చేర్చుకోరు.

జ్వరమని చెప్పి రెండు రోజులు ఇంట్లోనే ఉండి, మూడో రోజు శంషాబాద్‌లో ఉన్న మా సెక్యూరిటీ ఏజెన్సీ ఆఫీసుకు పోయాను. సూపర్‌వైజర్ కాగితం టైపు చేయిస్తూ మామూలుగా చెప్పాడు.

"మీ మామిడిపల్లి ఆమెను తీసేసినం. ఛార్జ్ తీసుకున్నట్టు సంతకం పెట్టింది, పోస్టు ఇడిసిపెట్టి పోయింది. ముప్పావు గంట. ఆడోళ్లందరు లోపల్నే ఆగిపోయిండ్రు, కంపెనీ బస్సు ఎల్లిపోయింది. ఒకామె పాలిచ్చే తల్లి, ఒకటే ఏడుపు. పెద్ద లొల్లి అయింది."

నోరు తెరవాల్సింది అప్పుడే. కాగితం ప్రింటర్‌లోంచి బయటికి వస్తోంది. నేను దాన్నే చూస్తున్నాను. అతను సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. రెండు చేతులా తీసుకుని, థాంక్స్ సార్ అని బయటికి వచ్చాను. నా జీవితంలో నేను చేసిన నీచమైన పని ఏదని అడిగితే పోస్టు వదలడం కాదు, ఆ థాంక్స్.

మూడేళ్లుగా బాపు బల్ల దగ్గర పని చేస్తున్నాను. కిటికీ ఉంది, ఫ్యాన్ ఉంది, కుర్చీ ఉంది. కావలసినప్పుడు నీళ్లు తాగుతాను, కావలసినప్పుడు లేస్తాను. అయినా మామిడిపల్లి బోర్డున్న బస్సు కనబడితే మొహం తిప్పుకునేదాన్ని. జొన్నరొట్టె మా ఇంట్లో చేయడం మానేశాను. ఆమె టైముకు వచ్చి ఉంటే ఇదంతా ఉండేదా అని ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి చాలా తంటాలు పడ్డాను. 'రిసెంట్' అనే మాట ఒకటుంది. ఇప్పుడది కోపాన్ని లోపల పెట్టుకోవడం. శిలువ గుర్తు పక్కన చూస్తే ఒకప్పుడు ఎదుటివాళ్లు చేసిన మేలును తలచుకోవడం కూడా అదే మాట. రెండూ ఒకే మాటలో ఎట్లా పట్టాయో ఆ కాలం వాళ్లకే తెలియాలి. 'రిమోర్స్' మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, మళ్ళీ కొరకడం. చిన్నప్పుడు అది చదివి, ఒకసారి కరిచింది మళ్ళీ ఎందుకు కరుస్తుంది అనుకున్నాను. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం రెండింటికి గోడ గడియారం చూస్తే తెలుస్తుంది.

ఈ ఏడు వేసవి సెలవుల్లో లైబ్రరీలో పని తగ్గింది. కోసిన పాపం కుట్టుకుందామని బాపు పుస్తకాన్ని బల్ల మీదికి తెచ్చాను. మడతలు వరుసగా పేర్చాను. ఒకటి తక్కువ. ఆ రోజు రేకు సందులో దోపిన మడత. నా తర్వాత ఆ క్యాబిన్‌లో అడుగుపెట్టిన మొదటి మనిషి ఎవరో నాకు తెలుసు. ఆ పేజీల కోసమే పోతున్నానని నాకు నేను చెప్పుకుని, మామిడిపల్లి బస్సు ఎక్కాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రేకుల కప్పున్న రెండు గదులు. అక్క గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నన్ను చూసి లేవబోయింది, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుంది. ఆశ్చర్యపోలేదు. లోపలికి రమ్మంది, చాయ్ పెట్టింది. అత్త పోయి రెండేళ్లయిందట. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోమడానికి పోతోందట. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. ఆ చేతులే నాకు రొట్టె పెట్టినవి. నేను చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

ఆమె లేచి, ట్రంకు పెట్టె మూత తీసి, అడుగు నుంచి ఒక పాలిథీన్ కవరు తీసింది. నా పదహారు పేజీలు. మడత నలగలేదు.

"నీ కాయితాలు చెల్లె. ఆడోళ్లను చెక్ చేసి పంపుతుంటే సందుల కనబడ్డయి. నీయేనని దాసిపెట్టిన."

"అక్కా, ఆ దినం..."

"ఆ దినం నువ్వు జెప్పినవని గంట ముందుగాల్నే ఎల్లిన. ముసల్దానికి పొద్దుగాల్నే పెట్టేసిన. ఎవరో పెద్దోళ్లు విమానం దిగుతుండ్రని రోడ్డు ఆపేసిండ్రు. బస్సు దిగి నడిసిన. ఉరికిన గూడ జరంత. నేను వచ్చేటాళ్లకు ఆడోళ్లు లోపల మొత్తుకుంటుండ్రు. సూపర్‌వైజర్ రిజిస్టర్ పట్టుకోని నిలబడ్డడు. ఈ సంతకం నీదేనా అన్నడు."

ఆమె చీరకు అంటిన వెల్లుల్లి పొట్టు దులుపుకుంది.

"నాదే అన్న. ఛార్జ్ తీసుకోని మందుల దుకాణానికి పోయిన అన్న."

రోడ్డు మీద ఏదో లారీ పోయింది. అది పోయేదాకా ఆగి, ఎందుకన్నావని అడిగాను.

"నాది కాదంటే నీది అయితది గద. నీకు కాయితం ఇయ్యకపోదురు. ఇద్దరం ఎందుకు పోవుడు?"

మూడేళ్లుగా నేను కాగితంతో తప్పించుకుని బయటపడ్డాననుకున్నాను. ఆ కాగితం ఆమె ఇచ్చింది. నా మోపు కింద ఆమె చెయ్యి ఉందని తెలియకుండానే నేను దాన్ని దించుకుని, థాంక్స్ మాత్రం ఇంకెవరికో చెప్పి వచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని అంటారు, ఇక్కడ కాలినవి నా చేతులు కూడా కావు. ఏడుపొచ్చింది. ఏడ్చే హక్కు కూడా లేదనిపించి ఆపుకున్నాను. ఆమెకు అన్నీ తెలుసని తెలిసినా, నా నోటితో చెప్పడం మిగిలే ఉంది.

"అక్కా, ఆ సంతకం పెట్టి పోయింది నేనే. నువ్వు లోపలున్నవని గేటు కాడ అబద్ధం చెప్పిన. నీ ఉద్యోగం పోయిందని మూడో రోజే తెలుసు నాకు. తెలిసి గూడ నోరు తెరవలే."

ఆమె నా మొహం వంక చూసింది. కోపం లేదు, ఓదార్పూ లేదు. ఎనిమిది గంటలు నిలబడిన మనిషి దారి వంక చూసే చూపు అది, నాకు బాగా తెలిసిన చూపు.

"ఇప్పుడొచ్చినవా?" అంది.

బస్సు దొరకలేదనే సాకు కూడా నా దగ్గర లేదు.